దక్షిణ అమెరికా దిగువ లీగ్ సవాలు: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

మన సవాలు ఫుట్‌బాల్ మేనేజర్ అనే కంప్యూటర్ గేమ్‌లో అట్టడుగు డివిజన్ క్లబ్‌ను ఖండ విజేతగా చేయడం. ఆ గేమ్ 2025 ఎడిషన్ రద్దయిందని ఫిబ్రవరిలో ప్రకటన రావడంతో ఈ ఏడాది సవాలు 2024 ఎడిషన్‌లోనే సాగింది. నవంబరులో 2026 ఎడిషన్ విడుదలైనా మధ్యలో మారలేదు. అందరూ ఒకే ఎడిషన్, ఒకే డేటాబేస్ మీద ఆడితేనే ఒకరి సేవ్‌ను (భద్రపరిచిన ఆటను) మరొకరి సేవ్‌తో పోల్చి ఏదైనా నేర్చుకోగలం.

సభ్యులు పంపిన సేవ్‌లు చూశాక కార్యవర్గానికి ఒక విషయం స్పష్టమైంది. ఈ ఖండంలో కింది స్థాయి క్లబ్బులు మునిగేది ఫార్మేషన్ కుదరక కాదు. పోటీ నిబంధనలు, క్యాలెండర్, కాంట్రాక్టు తేదీలు ముందుగా చూసుకోకపోవడం వల్లే మునుగుతున్నాయి. అందుకే ఈసారి నివేదికలో వ్యూహాల చర్చ తగ్గించి ఆ మూడింటికే ఎక్కువ చోటిచ్చాం.

నియమాలు, సేవ్ తయారీ

మూల నియమాలు మారలేదు. ఎంచుకున్న దేశంలో అందుబాటులో ఉన్న అట్టడుగు డివిజన్ నుంచి ఒక క్లబ్‌ను తీసుకోవాలి. మేనేజర్ అనుభవం సండే లీగ్ ఫుట్‌బాలర్ స్థాయి, కోచింగ్ బ్యాడ్జీ ఉండకూడదు. గేమ్‌లో ఎడిటర్ (ఆట నడుస్తుండగా వివరాలు మార్చే సాధనం) వాడకూడదు, ఓడిన మ్యాచ్‌ను రీలోడ్ చేయకూడదు, క్లబ్ మారకూడదు. అదే క్లబ్‌తో దేశపు మొదటి డివిజన్, ఆ తర్వాత దక్షిణ అమెరికా క్లబ్బుల అగ్ర పోటీ కోపా లిబర్టడోరెస్ గెలిస్తే సవాలు పూర్తయినట్టు.

ఈ ఏడాది చేర్చిన నియమం లీగ్‌ల లోడింగ్ గురించి. అర్జెంటీనా, బ్రెజిల్, చిలీ, కొలంబియా, పెరూ, ఉరుగ్వే ఆరింటి మొదటి డివిజన్లూ తప్పనిసరిగా లోడ్ చేయాలి. పోర్చుగల్, స్పెయిన్ కనీసం చూడటానికి మాత్రమే అన్న స్థాయిలో ఉండాలి. సొంత దేశం ఒక్కటే లోడ్ చేస్తే మిగతా దేశాల క్లబ్బుల్లో అసలు ఆటగాళ్లు తక్కువగా వస్తారు. అప్పుడు లిబర్టడోరెస్ తేలికైపోతుంది, మన కుర్రాళ్లను కొనేవాళ్లూ తగ్గిపోతారు. గెలుపు విలువా పోతుంది, ఆదాయమూ పోతుంది.

బొలీవియా, ఈక్వడార్, పరాగ్వే, వెనిజులా ఈ ఎడిషన్‌లో నేరుగా ఆడదగ్గ దేశాలు కావు. వీటికీ, మిగతా దేశాల్లో ఇంకా కింది డివిజన్లకూ గేమ్ బయటి ఎడిటర్‌తో ముందే చేసిన లీగ్ ఫైళ్లు వాడుకోవచ్చు. కానీ సేవ్ మొదలుపెట్టే ముందు వేరే ట్రయల్ సేవ్‌లో హాలిడే (మీరు లేకుండా ఆట తానే నడిచే ఏర్పాటు) పెట్టి రెండు సీజన్లు నడవనివ్వండి. మూడు విషయాలు చూడాలి: పైకి వెళ్లాల్సినవాళ్లు వెళ్లారా, కిందికి దిగాల్సినవాళ్లు దిగారా, ఖండ పోటీలకు సరైన సంఖ్యలో జట్లు చేరాయా. ఒక్క సీజన్ పరీక్ష సరిపోదు. మొదటి ఏడాది బాగా నడిచి, రెండో ఏడాది ఫిక్స్చర్లు తయారయ్యే దగ్గర ఆగిపోయే ఫైళ్లుంటాయి.

మొదలయ్యే తేదీ విషయంలో కూడా జాగ్రత్త. ఇక్కడి సీజన్లు ప్రధానంగా క్యాలెండర్ సంవత్సరం ప్రకారం నడుస్తాయి. యూరప్ లీగ్ తేదీతో జూలైలో మొదలుపెడితే సగం అయిపోయిన సీజన్ చేతికొస్తుంది. తేదీ ఎంచుకునేచోట మీ దేశం లీగ్‌నే ఎంచుకోండి.

అర్జెంటీనా, కొలంబియా: సగటు లెక్క

ఎక్కువ ప్రశ్నలు వచ్చింది ప్రొమెడియో (పాయింట్ల సగటు పద్ధతి) మీదే. అర్జెంటీనా మొదటి డివిజన్‌లో 1983 నుంచి కిందికి దిగే జట్లను తేల్చడంలో మూడు సీజన్ల పాయింట్ల సగటు ముఖ్యపాత్ర వహిస్తోంది. కొలంబియా మొదటి డివిజన్‌లోనూ మూడేళ్ల సగటే. 2011లో రివర్ ప్లేట్ అంతటి క్లబ్ బెల్‌గ్రానోతో ప్లేఆఫ్ ఆడి ఓడి కిందికి పోయిందంటే ఈ లెక్కే కారణం.

కొత్తగా పైకొచ్చిన క్లబ్‌కు ఇది ఎలా పనిచేస్తుందో అంకెల్లో చూద్దాం. ఏడాదికి 38 మ్యాచ్‌లు అనుకోండి. మీకు 45 పాయింట్లు వచ్చాయి, సగటు 1.184. మూడేళ్లుగా పైనున్న ప్రత్యర్థికి 114 మ్యాచ్‌ల్లో 130 పాయింట్లు, సగటు 1.140. మీరే ముందున్నారు. ఇప్పుడు ఇద్దరికీ ఆరేసి పాయింట్లు తక్కువ వచ్చాయనుకోండి. మీ సగటు 1.026కి పడిపోతుంది, అతనిది 1.088 దగ్గరే నిలుస్తుంది. రెండు మ్యాచ్‌ల తేడాతో మీరు కిందికి, అతను పైకి. భాగహారంలో మీ మ్యాచ్‌ల సంఖ్య చిన్నది కాబట్టి ప్రతి ఫలితం మీ మీద మూడింతలు బలంగా పడుతుంది. గెలుపుకీ అదే వర్తిస్తుంది. అందుకే మొదటి ఏడాది కుర్రాళ్లకు అవకాశం ఇచ్చి రెండో ఏడాది పుంజుకుందామన్న పథకం ఇక్కడ చెల్లదు. లోన్ మీద అనుభవజ్ఞులను తెచ్చుకోవాల్సింది ఆ మొదటి ఏడాదే.

అర్జెంటీనాలో ఇంకో చిక్కు, మూడో స్థాయి రెండు పాయలు. బ్యూనస్ ఐరిస్ పరిసరాల క్లబ్బులు ఎక్కువగా ప్రిమెరా బి మెట్రోపొలిటానాలో ఉంటే, లోపలి రాష్ట్రాల క్లబ్బులు టోర్నియో ఫెడరల్ ఎ లో ఉంటాయి. రెండో దాంట్లో ప్రయాణాలు చాలా దూరం. పార్ట్ టైమ్ క్లబ్‌కు అవి భారమే.

కొలంబియాలో రెండే స్థాయిలు. రెండో స్థాయి అయిన ప్రిమెరా బి నుంచి కిందికి దిగేదే లేదు. ఏటా ఇద్దరు మాత్రం పైకి వెళ్తారు. మొదటిసారి ఆడే సభ్యులకు కార్యవర్గం సిఫారసు ఇదే.

బ్రెజిల్

బ్రెజిల్‌ది లోతైన వ్యవస్థ, ఈ ఖండంలో అన్నింటికంటే ఓర్పు కోరేదీ ఇదే. ఈ ఎడిషన్ కాలానికి సెరీ డి (జాతీయ నాలుగో డివిజన్, దాని పైన సి, బి, ఎ) లో 64 జట్లు: 8 జట్ల చొప్పున 8 గ్రూపులు, గ్రూపులో 14 మ్యాచ్‌లు, ప్రతి గ్రూపు నుంచి నలుగురు ముందుకు. ఆ తర్వాత అన్నీ రెండు లెగ్‌ల నాకౌట్లే. వరుసగా మూడు గెలిచి సెమీస్ చేరిన నలుగురికీ సెరీ సి దక్కుతుంది. ట్రోఫీ గెలవనక్కర్లేదు. క్వార్టర్ ఫైనల్ రెండో లెగ్ మీ సీజన్‌లో అతి ముఖ్యమైన మ్యాచ్.

సెరీ డి లో చోటు మాత్రం శాశ్వతం కాదు. రాష్ట్ర ఛాంపియన్‌షిప్ లేదా రాష్ట్ర కప్ ద్వారా ప్రతి ఏడాదీ మళ్లీ సంపాదించుకోవాలి. ప్రమోషన్ రాక, రాష్ట్ర పోటీలోనూ వెనకబడితే మరుసటి ఏడాది జాతీయ డివిజన్ అనేదే ఉండదు. చాలా సేవ్‌లు చచ్చిపోయింది ఇక్కడే. రాష్ట్ర పోటీని సీజన్ ముందు సన్నాహకంగా భావించి రెండో జట్టును ఆడించారు. అది సన్నాహకం కాదు, మీ ప్రవేశ పరీక్ష.

డబ్బు పోయేదీ క్యాలెండర్ వల్లే. గ్రూపు దశలోనే ఇంటికొస్తే సీజన్ నడిమధ్యలో మ్యాచ్‌లు అయిపోతాయి. గేట్ ఆదాయం ఆగుతుంది, జీతాలు డిసెంబరు దాకా నడుస్తాయి. కాబట్టి కీలకమైన ఏడెనిమిది మందికి తప్ప మిగిలినవారికి జాతీయ పోటీ ముగిసే నెలకే కాంట్రాక్టు రాయండి. రాష్ట్ర పోటీలు అయిపోగానే చాలా క్లబ్బులు ఆటగాళ్లను వదిలేస్తాయి. ఫ్రీ ఏజెంట్ల జాబితా అప్పుడు రోజూ చూడాలి. ఏడాది మొత్తంలో మంచి బేరం దొరికే వారాలు అవే.

రిలీజ్ క్లాజ్ (ఎంత మొత్తం చెల్లిస్తే ఆటగాడిని వదలాల్సిందేనో చెప్పే షరతు) సంగతి బ్రెజిల్‌లో ప్రత్యేకం. అక్కడి చట్టం ప్రకారం దేశంలోపలి బదిలీకి పరిహారం గరిష్ఠంగా సగటు నెల జీతానికి 2,000 రెట్లు, విదేశీ బదిలీకి పరిమితి లేదు. నెలకు 1,000 రియల్ జీతం ఉన్న కుర్రాడిని స్వదేశీ క్లబ్ 20 లక్షల రియల్ ఇచ్చి తీసుకుపోగలదన్నమాట. సేవ్‌లోనూ ప్రతిభ ఉన్న కుర్రాడి కాంట్రాక్టులో క్లాజ్ అంకె చూడకుండా సంతకం చేయకండి. అవసరమైతే జీతం పెంచి అయినా ఆ అంకె పెంచుకోండి. జీతంలో ఆదా చేసిన చిల్లర, అమ్మకంలో లక్షలై పోతుంది.

చపెకోయెన్సే 2009లో సెరీ డి ఆడి 2014కల్లా సెరీ ఎ లో ఉంది. సెరీ బి లో ఉంటూనే సాంటో ఆండ్రే 2004లో, పౌలిస్టా 2005లో జాతీయ కప్ అయిన కోపా డో బ్రెజిల్ గెలిచి లిబర్టడోరెస్ చేరాయి. కప్ దారి నిజంగా ఉంది. వదులుకోకండి.

ఉరుగ్వే, పెరూ, చిలీ

ఉరుగ్వే మొదటి డివిజన్‌లో 16 క్లబ్బులు. లిబర్టడోరెస్‌కు 4, ఖండపు రెండో స్థాయి పోటీ సుడమెరికానాకు 4 స్థానాలు. అంటే సగం లీగ్ ఖండ పోటీల్లోకి వెళ్తుంది. గేట్ ఆదాయం తక్కువే అయినా జీతాలూ తక్కువే. ఎక్కువ క్లబ్బులు మోంటెవిడియోలోనే ఉండటంతో ప్రయాణ అలసట ఉండదు. పైకి చేరిన ఒకటి రెండేళ్లలో ఖండ పోటీల డబ్బు చూడాలంటే ఇంతకు మించిన దేశం లేదు.

పెరూలో డెపోర్టివో బినాసియోనల్ 2017లో కింది స్థాయి క్లబ్బుల పోటీ అయిన కోపా పెరూ గెలిచి, 2019లో దేశ ఛాంపియన్ అయింది. 2020 మార్చిలో సముద్రమట్టానికి 3,800 మీటర్ల పైనున్న జూలియాకాలో సావో పాలోను 2-1తో ఓడించి, వారం తిరక్కుండా బ్యూనస్ ఐరిస్‌లో రివర్ ప్లేట్ చేతిలో 8-0తో ఓడింది. సొంతగడ్డ బలం మీద ఎదిగిన జట్టు బయట ఎలా ఉంటుందో ఆ రెండు స్కోర్లు చెబుతాయి. బయటి మ్యాచ్‌లకు వేరే, జాగ్రత్తైన వ్యూహాన్ని రెండో టాక్టిక్‌గా ఏడాది పొడవునా సాధన చేయించండి.

చిలీ సేవ్‌లు ఈ ఏడాది కొత్తగా నేర్పిందేమీ లేదు.

డబ్బు, అమ్మకాలు

కింది స్థాయిలో క్లబ్‌ను బతికించేది యువ ఆటగాళ్ల అమ్మకమే. అమ్మేటప్పుడు తర్వాతి అమ్మకంలో వాటా తప్పక అడగాలి. కొనేవాళ్లు ఒప్పుకోకపోతే ముందస్తు మొత్తం కాస్త తగ్గించి అయినా ఆ వాటా ఉంచుకోండి. 18 ఏళ్లు నిండనివారు విదేశానికి వెళ్లలేరు. ఒప్పందం ముందే కుదిరినా కుర్రాడు పుట్టినరోజు దాకా మీ దగ్గరే ఉంటాడు. ఆ నెలలు వాడుకోండి.

యూరప్ వేసవి విండో (ఆటగాళ్ల బదిలీల గడువు) మన సీజన్ మధ్యలో పడుతుంది. జూలైలో గోల్ స్కోరర్ వెళ్లిపోతే ప్రమోషన్ కూడా వెళ్లిపోతుంది. బేరంలో తిరిగి లోన్ మీద డిసెంబరు వరకు అన్న షరతు పెట్టండి. కొన్ని క్లబ్బులు ఒప్పుకుంటాయి.

మరో పొరపాటు ప్రమోషన్ జీతం పెంపు క్లాజ్. ఒక్కొక్కరికి చిన్న శాతమే కదా అని పదిహేను మందికి ఇచ్చేస్తే, పైకి వెళ్లిన రోజే జీతాల బడ్జెట్ దాటిపోతుంది. అదే సమయంలో బోర్డు క్లబ్‌ను పార్ట్ టైమ్ నుంచి ఫుల్ టైమ్‌కు మారిస్తే దెబ్బ రెట్టింపు. ఆ క్లాజ్ బదులు ఒక్కసారి ఇచ్చే బోనస్ మేలు. ఇంకా, మొదటి ఏడాదే బోర్డును సీనియర్ అనుబంధ క్లబ్ (మనకు ఆటగాళ్లను ఇచ్చే పెద్ద భాగస్వామి క్లబ్) అడగండి. జీతం లేకుండా లోన్ ఆటగాళ్లు వచ్చే ఒక దారి అది.

వచ్చే ఏడాది పనులు

పాత సేవ్‌లు 2024 ఎడిషన్‌లోనే కొనసాగించవచ్చు, కొత్తవి 2026లో మొదలవుతాయి, రెండు పట్టికలూ విడిగా ఉంటాయి. దేశాలవారీ నిబంధనల పత్రాలను కొత్త ఎడిషన్‌తో సరిచూసే పనికి ప్రతి దేశానికీ ఇద్దరు సభ్యులు కావాలి. పోటీ పేజీలోని రూల్స్ భాగం చదివి విదేశీ ఆటగాళ్ల పరిమితి, రిజిస్ట్రేషన్ గడువు, కిందికి దిగే విధానం మూడూ రాసి పంపాలి. సేవ్ ఫైల్ పంపేటప్పుడు వాడిన లీగ్ ఫైల్‌ను, లోడ్ చేసిన దేశాల జాబితాను జతచేయండి. సీజన్ చివరి రోజు సేవ్‌తో పాటు జూన్ 30 నాటి సేవ్ కూడా ఉండాలి, కాంట్రాక్టుల పరిస్థితి అందులోనే తెలుస్తుంది.