మావా, మాష్టారూ పంచెల బాబాయీ మాటలు మానేశారు

విజయవాడ,
ఆగస్టు 19, 2021

ఒరేయ్ మావా,

నీ మెయిల్‌కి ఇన్నాళ్ళూ జవాబివ్వలేదని గుర్రుగా ఉన్నావట, చెల్లాయి మా ఆవిడతో ఫోన్‌లో అంది. ఏమనుకోకురా. రాద్దామని కూర్చోవడం, రెండు లైన్లు రాసి చెరిపేయడం, ఇదే వరస. ఫోన్‌లో చెప్పే సంగతైతే ఎప్పుడో చెప్పేవాణ్ణి. ఇది పక్కన ఎవరూ లేకుండా నీ ఒక్కడికే చెప్పాలి. మన లెక్కల మాష్టారి సంగతి కదా.

ముందు ఇంటి కబుర్లు గబగబా. అందరం బాగున్నాం. అమ్మకి కరోనా టీకా రెండో డోసు అయింది. 16వ తారీఖు నుంచి బళ్ళు తెరిచారు, బుడ్డిదానికి పాత యూనిఫాం ఒక్కటీ పట్టట్లేదు, దర్జీ చుట్టూ తిరుగుతున్నాం. పటమట స్థలం బేరం మళ్ళీ వెనక్కి పోయింది, ఆ కథ ఇంకోసారి. నువ్వడిగిన ఆవకాయ పార్సిల్ చేశాం, చేరాక చెప్పు.

సరే. కృష్ణ ఒడ్డున పద్మావతి ఘాట్ మీద పొద్దున్నే నడిచే మా బ్యాచ్ నీకు తెలుసుగా. మాష్టారు, ఆయన భార్య అమ్మగారు, బ్యాంకులో రిటైరైన ఆయన, పిల్లల డాక్టరమ్మ, నేను, పంచెల బాబాయ్. బాబాయ్ ఎవరో గుర్తొచ్చాడా? నీ పెళ్ళికి వస్త్రలత బట్టల కాంప్లెక్సులో పంచెలు కొన్న కొట్టు ఆయన. నువ్వు పంచె మడత చూసి కండువా అనుకుని మెడలో వేసుకుంటే "అల్లుడుగారూ, అది కిందకి" అన్నాడు చూడు, ఆయనే.

పోయినేడాది లాక్‌డౌన్‌లో మాస్కులు దొరక్క, దొరికినవి రేటు మండిపోతుంటే, ఇంట్లోనే గుడ్డతో కుట్టుకోండని కేంద్రం చెప్పింది కదా. అప్పుడు బాబాయ్ మంగళగిరి నూలు ముక్కలు సంచీడు తెచ్చి అమ్మగారి చేతిలో పెట్టాడు. పైసా తీసుకోలేదు. ఆవిడ ఆ పాత ఉషా మిషను మీద మూడు పొరలు వేసి, ముక్కు దగ్గర మడత పెట్టి, మా అందరికీ తలా రెండు కుట్టారు. నీకూ రెండు తీసి ఉంచారురా, "వాడు వచ్చినప్పుడు ఇస్తా" అని. అవి ఇప్పుడు ఎక్కడున్నాయో నేను మాష్టారిని అడగలేను.

ఇదెందుకు చెప్తున్నానంటే, ఆ మాస్కుల గుడ్డ ఇచ్చిన మనిషే ఆరుబయట మాస్కు ఎందుకని వాదించేవాడు. కొట్లో మాత్రం తీసేవాడు కాదు. ఏసీ కట్టేసి, షట్టరు పూర్తిగా ఎత్తి, రెండు పక్కలా ఫ్యాన్లు పెట్టించాడు. మూతికి ఏమీ లేకుండా వచ్చినవాడికి తనే ఒకటి ఇచ్చేవాడు. ఘాట్ మీదకి వచ్చేసరికి జేబులోకి. "ఏటి గాలికి కూడా అడ్డం పెట్టుకోవాలా మాష్టారూ, ఈ బెజవాడ ఉక్కలో పది అడుగులు వేస్తే గుడ్డ తడిసి ముక్కుకి అతుక్కుంటుంది" అనేవాడు. మాష్టారికి మాత్రం గడప దాటితే మాస్కు, అంతే. ఎన్95, దాని మీద అమ్మగారు కుట్టింది ఇంకోటి, కళ్ళజోడు మీద ఆవిరి. బ్యాంకాయన ఎప్పుడూ రూలు చదివేవాడు. బహిరంగ ప్రదేశాల్లో తప్పనిసరి, మన దగ్గర వంద జరిమానా, హైదరాబాద్‌లో అయితే వెయ్యి, ఒంటరిగా కారు నడిపేవాడు కూడా పెట్టుకోవాల్సిందేనని ఢిల్లీ హైకోర్టే ఏప్రిల్‌లో చెప్పింది, ఇలా. ఏప్రిల్ 27న మీ అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ, టీకా పూర్తయినవాళ్ళకి బయట మాస్కు అక్కర్లేదంది చూడు, మర్నాటికల్లా అది బాబాయ్ ఫోన్‌లో ఉంది. కానీ పెద్ద గుంపుల్లో మాత్రం పెట్టుకోవాలన్న మాట ఆ ఫార్వర్డ్‌లో ఎవరో కత్తిరించేశారు.

డాక్టరమ్మ ఒక్కతే దీన్ని తేల్చి చెప్పింది. అగరొత్తి పూజగదిలో తలుపేసి వెలిగిస్తే గదంతా పొగ నిలబడుతుంది, ఘాట్ మీద వెలిగిస్తే ఏదీ అని వెతుక్కోవాలి, ఈ వైరస్ ఊపిరితో వచ్చేదీ అంతే అంది. దూరంగా నడుస్తుంటే భయం తక్కువ, పరుగెత్తేవాళ్ళని మాస్కు వద్దని డబ్ల్యూహెచ్ఓనే చెప్పింది. కానీ నడక అయ్యాక టీ బండి చుట్టూ ముఖాలు ముఖాల్లో పెట్టి గంట సేపు రాజకీయాలు మాట్లాడతారే, అది ఆరుబయటే అయినా అక్కడ కావాలి అంది. మావా, మన జనం చేసేది సరిగ్గా దీనికి తిరగేసి రా. ఒంటరిగా నడిచేటప్పుడు బుద్ధిగా పెట్టుకుంటారు, మనిషి ఎదురై మాట్లాడాలంటే గడ్డం కిందకి లాగుతారు. నాకు ఇది చూస్తే ఒళ్ళు మండుతుంది. నేను డాక్టరమ్మ పక్షమే, అప్పుడూ ఇప్పుడూ. ఆ మాటే ఇద్దరికీ చెప్పాను, ఇద్దరూ నన్ను అవతలి పార్టీ అన్నారు.

అప్పటిదాకా ఇవన్నీ సరదా గొడవలే. అమ్మగారు మధ్యలో "మీ ఇద్దరికీ మాస్కు కాదు, మూతికి కుట్లు వెయ్యాలి" అనేవారు.

మేలో ఆవిడ పోయారు. ఆ సంగతి నీకు అప్పుడే చెప్పాను, మళ్ళీ రాయలేను. మంచం కోసం మేం తిరిగిన ఆ రాత్రి గురించి ఎప్పుడైనా నువ్వొచ్చినప్పుడు... వద్దులే. స్వర్గపురి శ్మశానం దగ్గర మమ్మల్ని దూరంగా నిలబెట్టారు. బాబాయ్ గేటు బయట ఎండలో చివరిదాకా ఉన్నాడు.

జూన్‌లో కర్ఫ్యూ సడలించాక మాష్టారు మళ్ళీ నడకకి వచ్చారు. మాట్లాడేవారు కాదు. సంచిలో మాస్కులు పెట్టుకుని, లేనివాళ్ళు కనపడితే ఆపి ఇచ్చేవారు. కుర్రాళ్ళు కొందరు తీసుకునేవారు, కొందరు నవ్వి వెళ్ళిపోయేవారు. నవ్వినవాళ్ళ వైపు ఆయన చూసే చూపు నేను చూళ్ళేకపోయేవాణ్ణి. మనకి ఎక్కం రాకపోతే చూసే చూపు కాదురా అది.

ఇక అసలు రోజు. 5వ తారీఖు తెల్లవారుజామున పులిచింతలలో 16వ నంబరు గేటు కొట్టుకుపోయింది, నువ్వూ వార్తల్లో చూసుంటావు. ఆ ఖాళీలో గేటు బదులు అడ్డం పెట్టే స్టాప్‌లాగ్ దించాలంటే డ్యాం నీళ్ళు తగ్గించాలి కదా, వదిలేశారు, ఏరు నిండుగా దిగింది ఇక్కడికి. మర్నాడు పొద్దున్నే ఊరంతా ఏటి ఒడ్డునే. ఘాట్ మెట్ల మీదకి పోలీసులు దిగనివ్వట్లేదు, అందుకని జనమంతా పైన రోడ్డు మీద ఒకరి మీద ఒకరు పడి, చంకల్లో పిల్లలు, చేతుల్లో ఫోన్లు, సగం మందికి మాస్కు లేదు. మేం నడక మానేసి నీళ్ళు చూస్తూ నిలబడ్డాం. బాబాయ్ మాస్కు ఒక చెవికి వేలాడుతోంది, పక్కవాడికి బ్యారేజీ వైపు చెయ్యి చూపించి 2009 వరదలో నీళ్ళు ఎందాకా వచ్చాయో గట్టిగా చెప్తున్నాడు.

మాష్టారు వెళ్ళి ఆయన ముందు నిలబడి సంచిలోంచి మాస్కు తీసి చాపారు. బాబాయ్ నవ్వి, "నాకుంది కదండీ, బయటే కదా మాష్టారూ" అన్నాడు. అంతే రా. ఆ ఒక్క మాట.

మాష్టారు మూతికున్న రెండు మాస్కులూ కిందకి లాగారు. ఇంటి బయట ఆయన ముఖం పూర్తిగా చూసి ఏడాది దాటింది నేను, గడ్డం తెల్లగా మాసిపోయి, చెవుల దగ్గర లాస్టిక్ ఒరిసిన గాడి. "బయటేనా? ఏప్రిల్‌లో నువ్వు ముక్కు చీదుకుంటూ ఈ ఘాట్ మీద ఆవిడ పక్కన నడిచావు. మాస్కు జేబులో పెట్టుకుని నడిచావు. జలుబే మాష్టారూ, చెరుకు రసం వల్ల అన్నావు. ఆవిడ పోయింది. నువ్వున్నావు."

అంత జనం గోలలోనూ మా చుట్టూ ఉన్నవాళ్ళు ఆగిపోయారు. బాబాయ్ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ వేలాడే మాస్కు సరిగ్గా పెట్టుకున్నాడు, చేతులు వణికి రెండోసారికి గానీ చెవికి తగల్లేదు. తల వంచుకుని జనంలోంచి వెళ్ళిపోయాడు. బ్యాంకాయన "సార్, అలా అనకూడదు సార్" అని మొదలుపెట్టాడు, డాక్టరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపేసింది.

ఇప్పుడు విను, నీకొక్కడికే అన్నది ఇది. ఏప్రిల్ నెలాఖరులో మాష్టారి మేనకోడలి కూతురి పెళ్ళి అయింది. ఏసీ ఫంక్షన్ హాలు, తలుపులు మూసి, మాస్కు ఒక్క పంతులుగారికే ఉందట, ఫొటోల కోసం అందరూ తీసేశారు. అమ్మగారు వెళ్ళనన్నారు. "ఒక్క పూటే కదా, పెద్దవాళ్ళం, వెళ్ళకపోతే బాగోదు" అని మాష్టారే చేతక్ స్కూటర్ మీద తీసుకెళ్ళారు. పెళ్ళిలో వడ్డించిన కుర్రాళ్ళకీ పెళ్ళికూతురి తండ్రికీ వారంలోపు పాజిటివ్ వచ్చింది. తర్వాతే అమ్మగారికి జ్వరం. నాకెలా తెలుసంటే అప్పుడు ఆవిడే మా ఆవిడకి ఫోన్ చేసి, "మీ మాష్టారికి చెప్పకమ్మా, బాధపడతారు" అన్నారు. జ్వరంతో పడుకుని ఉండి కూడా!

ఘాట్ మీద గాలిలో అంటిందా, ఆ హాల్లో అంటిందా, ఎవరు చెప్పగలరు? బాబాయ్ అప్పుడు టెస్టు చేయించుకోలేదు, క్యూలు చూసి వెనక్కొచ్చాడు. జలుబుతో వచ్చి పక్కన నడవడం తప్పే, అది నేను ఆయన మొహం మీదే అంటాను. కానీ డాక్టరమ్మ చెప్పినదాన్ని బట్టి నా మనసు హాలు వైపే వెళ్తుంది. మాష్టారికి లెక్కలు రాకనా? మనకి సంభావ్యత చెప్పిన మనిషి. ఆ హాలు వైపు ఆయన చూడట్లేదు, చూడలేరు. చూస్తే ఆ చేతక్ తీసింది తనే అవుతుంది. ఆరుబయట మాస్కు అక్కర్లేదని ఎవరన్నా ఆయనకి వినపడేది వేరే మాట. నేనెంత నెమ్మదిగా చెప్పినా "మీరే తీసుకెళ్ళారు" అన్నట్టే తగులుతుంది. అందుకే నోరు విప్పలేదు, విప్పను కూడా.

మా ఆవిడ మాత్రం మండిపడుతోంది. ఏ పాపం ఎరగని మనిషిని నలుగురిలో హంతకుణ్ణి చేస్తారా అంటుంది. ఆ మాటా నిజమే.

మొన్న రాత్రి బాబాయ్ మా ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, డాబా మీద కూర్చున్నాం, ఆ చివరొకరం ఈ చివరొకరం, మాస్కు తియ్యలేదు మనిషి. చాలాసేపు కొట్టు సంగతులు చెప్పాడు, శ్రావణమాసం అయినా గిరాకీ లేదని, సూరత్ నుంచి సరుకు సరిగ్గా రావట్లేదని. తర్వాత అడిగాడు, "నా వల్లేనా?" అని. ఎవరికీ తెలియదు బాబాయ్ అన్నాను. పెళ్ళి సంగతి చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది.

ఆయనే అన్నాడు, "ఆ పెళ్ళికి పెట్టిన చీర నా కొట్లోనే తీసుకున్నారు. హాలు సంగతీ, ఆ వడ్డనవాళ్ళ సంగతీ నాకు తెలుసు. నువ్వు మాత్రం మాష్టారి దగ్గర అనకు. నా మీద కోపం ఉన్నన్నాళ్ళు ఆయన అన్నం తింటాడు. అది కాస్తా తన మీదకి తిరిగిందనుకో..." ఆపేశాడు అక్కడ.

నాకు గొంతు పట్టేసిందిరా. నలభై ఏళ్ళుగా మీటరుకి రూపాయి దగ్గర బేరం ఆడే మనిషి ఈ నింద మొత్తం మారు మాట లేకుండా నెత్తిన పెట్టుకున్నాడు. ఇప్పుడు ఘాట్‌కి రావడం మానేసి ఏలూరు కాలవ గట్టున ఒక్కడే నడుస్తున్నాడు, ఒక్కడే అయినా మాస్కుతో. నిన్న నేనూ వెళ్ళాను ఆయనతో. ఒక్క మనిషి లేడు గట్టు మీద, పొద్దున్నే గాలి, తియ్యి బాబాయ్ ఆయాసపడుతున్నావు అన్నాను. "ఉండనీ" అన్నాడు.

నాకు ఇది సబబుగా లేదు మావా. ఇటు మాష్టారి దగ్గర నిజం అనలేను, అటు బాబాయ్ ఇలా నలిగిపోతుంటే చూడలేను. మాష్టారికి ఇప్పుడు ఇంట్లో మాట్లాడే మనిషి లేడు, ఉన్న ఒక్క స్నేహితుణ్ణీ తనే తోసేశారు. నిన్న వెళ్తే వంటింట్లో స్టౌ మీద పాలు పొంగి ఎండిపోయి ఉన్నాయి, తుడవలేదు. నువ్వొక పని చెయ్యి. నీ మాట ఆయన వింటారు, నువ్వు ఆయన ముద్దుబిడ్డవి ఎప్పుడూ. ఫోన్ చెయ్యి. గొడవ సంగతి ఎత్తకు, పెళ్ళి సంగతి అసలే వద్దు. మామూలుగా మాట్లాడు, పందొమ్మిదేడుల ఎంత అని అడిగితే నూట ముప్ఫై మూడని ఈసారైనా తడుముకోకుండా చెప్పు, కాస్త నవ్వుతారు. ఆ తర్వాత బాబాయ్ ఎలా ఉన్నాడని ఊరికే అడుగు, ఆయన ఏమంటారో విను. కోపం కాస్త తగ్గిందనిపిస్తే వినాయక చవితికి ఇద్దర్నీ మా ఇంటికి పిలుస్తా, డాబా మీదే, దూరం దూరంగా కూర్చోబెట్టి. లేదంటే దసరా దాకా ఆగుదామా? డాక్టరమ్మని మధ్యలో పెడితే

ఒరేయ్, బండి సర్వీసింగ్‌కి ఇచ్చాను, ఏడింటికి షెడ్డు మూసేస్తాడు, ఇప్పటికే ఆరున్నర. ఇక్కడికి ఆపుతున్నా. మీకు శనివారం పొద్దున, మాష్టారికి రాత్రి భోజనం ముందు, ఆ టైములో చెయ్యి. చేశాక నాకు రాయి.

నీ
వెనక బెంచీ