రెండు బ్యాటరీల లెక్క నేర్పిన బాబాయికి, ఇంకో ముగ్గురికి

సముద్రంలో చేపల వేట మీద ఏటా పెట్టే నిషేధం ముగిశాక మొదటి వేట. జూన్ 15 రాత్రి మా కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ దాటి వల వేసి, ఇంజను ఆపి కూర్చున్నాం. లైట్లు, జీపీఎస్, చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్, వేరే బోట్లతో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు రాత్రంతా నడుస్తూనే ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి తాళం తిప్పితే ఇంజను ఒక్క పెట్టున అందుకుంది. మా కళాసీ ఒకడు చప్పట్లు కొట్టాడు. ఇంజను అందుకుంటే చప్పట్లు ఎందుకో, ఫిబ్రవరిలో మాతో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

ఆ రాత్రి ఇలాగే వల వేసి ఆగాం. తెల్లవారి తాళం తిప్పితే 'టిక్' అన్న చప్పుడు ఒక్కటే వచ్చింది. మళ్ళీ తిప్పితే అదీ లేదు. ఉన్న ఒక్క బ్యాటరీనీ రాత్రంతా లైట్లు తాగేశాయి. చేత్తో తిప్పి స్టార్టు చేసే పాత ఇంజను ఉన్న రోజుల్లో భుజం నొప్పే తప్ప ఈ బాధ లేదు. ఇంజను ఆగినందుకు కాదు, వీహెచ్ఎఫ్ సెట్టు మూగబోయినందుకు నాకు వెన్నులో చలి పుట్టింది. సాయం అడగాల్సిన సెట్టు కూడా ఆ బ్యాటరీ మీదే ఉంది మరి. ఫోనులో సిగ్నల్ ఒక గీత వచ్చి పోతోంది. చివరికి టార్చిలైటు ఊపితే పక్క బోటు డ్రైవరు అన్న చూశాడు. తన వల సగంలో ఆపి వచ్చి, మోకు వేసి ఏటిమొగ దాకా లాక్కొచ్చాడు. డీజిల్ డబ్బులు ఇవ్వబోతే, 'రేపు నాకు ఆగితే నువ్వు లాగవా' అని కసిరాడు. అన్నా, నా మొదటి దండం నీకే.

తరువాత నేను చేసిన తెలివితక్కువ పని కూడా దాచకుండా చెప్పాలి. ఒక బ్యాటరీ చాలకపోతే రెండు పెడితే సరిపోతుందనుకున్నాను. కొత్తది కొని పాతదాని పక్కన పెట్టి, ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు కలిపేశాను. మూడు వారాలు బాగానే నడిచింది. మార్చి నెలాఖరున రెండూ కలిసి చచ్చాయి. అదృష్టం కొద్దీ అప్పుడు రేవులోనే ఉన్నాం.

జగన్నాథపురంలో బండ్ల వైరింగ్ చేసే తమ్ముడొకడు వచ్చి మీటరు పెట్టి చూశాడు. పాత బ్యాటరీలో ఒక అర (సెల్) పాడైపోయిందనీ, అది కొత్తదాన్ని కూడా లోపల్లోపల పీల్చేసిందనీ చెప్పాడు. 'బోటు పని నాకు పూర్తిగా తెలియదు, ఓడల్లో చేసినాయన్ని అడుగు' అన్నది కూడా అతడే. తెలియనిది తెలియదని చెప్పే మెకానిక్కు దొరకడం ఎంత అరుదో మీకు తెలుసు కదా!

అలా బాబాయి దొరికారు. ఓడల మీద ఎలక్ట్రీషియనుగా చేసి రిటైరైన మనిషి. పేరు రాయవద్దన్నారు, రాయడం లేదు. ఏప్రిల్ 15న నిషేధం మొదలై బోటు కట్టేశాక, మూడు రోజులు వరసగా వచ్చారు.

మొదటి రోజు ఒక్క వైరు కూడా ముట్టుకోలేదు. కాగితం తెమ్మని నా చేతే లెక్క వేయించారు. లైట్లకు రెండు ఆంపియర్లు, ఫిష్ ఫైండరుకు ఒకటి, జీపీఎస్, సెట్టు కలిపి ఇంకొకటి. మొత్తం నాలుగు. పది గంటలకు నలభై ఆంపియర్ అవర్లు. నా బ్యాటరీ పట్టేది మొత్తం ఎనభై. 'సీసం బ్యాటరీని సగానికి మించి వాడకూడదు. అంటే రోజూ అంచు మీదే నడుస్తున్నావు' అన్నారు. అప్పుడు అసలు మాట చెప్పారు: 'రెండోది పెట్టేది ఎక్కువ వాడుకోవడానికి కాదు నాయనా, ఒకదాన్ని ముట్టుకోకుండా ఉంచడానికి.' నేను రెండింటినీ కలిపి ఒక పెద్ద బ్యాటరీ చేశానే తప్ప, రెండు బ్యాటరీలు పెట్టలేదన్న సంగతి అప్పుడు బుర్రకెక్కింది.

రెండో రోజు, ఎక్కడా షార్టు కాకుండా ముందు నా వేలి ఉంగరం తీయించారు. స్పానరు పిడికి పాత సైకిలు ట్యూబు చుట్టారు. విప్పేటప్పుడు నల్లది ముందు, బిగించేటప్పుడు నల్లది చివర. ఎర్రది విప్పుతూ స్పానరు ఇంజనుకు తగిలితే ఏమవుతుందో చెబుతూ, తన ముంజేతి మీది మచ్చ చూపించారు. ఆ తరువాత నీళ్ళు తోడే మోటారు వైరు కోసి, పైతొడుగు ఒలిచారు. లోపల రాగి నల్లగా ఉంది. ఇంకో జానెడు ఒలిచినా నలుపే. అది నేను ఇంటి వైరింగులో మిగిలిన ముక్కతో వేసిన సన్నపు వైరు. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులుంటే మోటారు దగ్గర 11.4 చూపించింది. మోటారు నీరసంగా ఉందని నేను రెండుసార్లు మోటారునే మార్చాను!

అలా నల్లబడకుండా తగరం పూత ఉన్న రాగి వైరు, తనంతట తానే కలిపి విడదీసే స్విచ్చు (రిలే) ఇక్కడ దొరక్కపోతే చెన్నైలో ఉన్న మా మేనల్లుడు కొని బస్సులో వేశాడు. వాడికీ ఈ సందర్భంగా ఆశీస్సులు.

ఇప్పుడు స్టార్టరుకు ఒక బ్యాటరీ, మిగతా అన్నింటికీ వేరొకటి. రెండింటి నల్ల వైర్లు ఒకచోట కలుస్తాయి, ఎర్రవి కలవవు. మధ్యలో ఆ రిలే కూర్చుంది. ఇంజను నడిచి మొదటి బ్యాటరీ 13.3 వోల్టులకు వస్తే రెండోదాన్ని కలుపుతుంది, 12.8కి దిగితే విడదీస్తుంది. మొదట్లో అది టక్కుటక్కుమంటూ కలుస్తూ విడిపోతూ ఉంటే చెడిపోయిందనుకున్నాను. ఖాళీ బ్యాటరీ ఒక్కసారిగా లాగడంతో వోల్టేజి పడిపోతోందనీ, కాసేపటికి కుదురుకుంటుందనీ అన్నారు. కుదురుకుంది. ప్రతి ఎర్ర వైరుకూ బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించారు. నీళ్ళు తోడే మోటారును మాత్రం మెయిన్ స్విచ్చుతో పని లేకుండా, దాని ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి ఇచ్చారు. అన్నీ ఆపేసి మేం ఇంటికి పోయినా బోటులోకి నీరు రావడం ఆగదు కదా. ఇంజను నడుస్తుండగా మెయిన్ స్విచ్చు ఆపితే, బ్యాటరీలను నింపే ఆల్టర్నేటరులో డయోడ్లు పోతాయని, స్విచ్చు పక్కన ఎర్ర రంగుతో స్వయంగా రాసి మరీ వెళ్ళారు.

మూడో రోజు సాయంత్రం లైట్లన్నీ వేసి వదిలేశాం. పొద్దున్నే వచ్చి చూస్తే వాడకం బ్యాటరీ 12.2 వోల్టులకు దిగింది, ఇంజను బ్యాటరీ మాత్రం నిండుగా 12.7. బాబాయి ఏమీ అనలేదు, మీటరు సంచిలో పెట్టుకున్నారు.

డబ్బు తీసుకోలేదు. ఏం కావాలో అడగమంటే గోదావరికి ఎర్రనీరు వచ్చాక పులస తెమ్మంటారేమోనని లోపల కొంచెం బెదిరాను. రెండు కిలోల కానాగంతలు చాలన్నారు. మొదటి వేటలో పడ్డవి నిన్న పట్టుకెళ్ళి ఇచ్చాను. పిన్ని పులుసు పెట్టి నన్ను కూడా కూర్చోబెట్టింది.

ఫిబ్రవరిలో మమ్మల్ని లాక్కొచ్చిన డ్రైవరు అన్న, తన బోటు కూడా ఒకసారి చూడమంటున్నాడు. అక్కడా ఒకటే బ్యాటరీ. అన్నా, ఆదివారం బాబాయిని తీసుకుని నేనే వస్తాను. వైరు మిగిలింది, తెస్తాను. ఉంగరం ఇంట్లో పెట్టి రా.