రాకెట్ రోజు రేటు తీసేస్తున్నాం

మా లాడ్జిలో దిగినవాళ్ళకి, మా మెస్‌లో భోంచేసినవాళ్ళకి, అర్ధరాత్రి ఫోన్ చేసి "రాకెట్ కచ్చితంగా పోతుందా అండీ?" అని నన్ను అడిగేవాళ్ళకి ఈ కబురు.

ముందు అసలు సంగతి. శ్రీహరికోటకి దగ్గర్లో ఉన్న సూళ్లూరుపేటలో మా లాడ్జికి ఇకనుంచి రాకెట్ ప్రయోగం రోజున వేరే రేటు ఉండదు. మామూలు రోజు ఏసీ గది 1,500 అయితే ఆ రోజూ అంతే. ప్రయోగం వాయిదా పడితే మీ బుకింగ్ కొత్త తేదీకి మారుతుంది. రాలేనంటే డబ్బు వెనక్కి ఇస్తాం. ఇదేదో ధర్మగుణంతో చేస్తున్నాననుకోకండి. లెక్కలు చూసుకున్నాను, కొంచెం సిగ్గు కూడా పడ్డాను.

సిగ్గు సంగతి 2019 నాటిది. జులై 15 తెల్లవారుజామున 2:51కి చంద్రయాన్-2 వెళ్ళాలి. ఆ ఏడాదే షార్‌లో, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, జనం కూర్చుని చూసే గ్యాలరీ తెరిచారు. ఊరంతా కార్లు. గది మూడు రెట్లకి ఇచ్చాను, వరండాలో మంచాలు వేసి వాటికీ తీసుకున్నాను. ఇంకా 56 నిమిషాలు ఉందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. నాలుగింటికల్లా జనం వాడిపోయిన మొహాలతో తిరిగొచ్చారు. రాజమండ్రి నుంచి మనవరాలిని తీసుకొచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారు, "బాబూ, వారంలో మళ్ళీ పెడతారంటున్నారు, అప్పటికి ఏమైనా సర్దుతారా?" అని అడిగారు. "రాకెట్ ఆగితే నా తప్పా సార్?" అన్నాను. ఆయన ఇంకో మాట మాట్లాడలేదు. జులై 22 మధ్యాహ్నం అది వెళ్ళింది. ఆ రోజూ మూడు రెట్లే. మాస్టారు రాలేదు.

2024 డిసెంబరులో ఐరోపావాళ్ళ ప్రోబా-3 ఉపగ్రహాలతో ఇస్రో పీఎస్‌ఎల్‌వీ రాకెట్ నాలుగో తేదీన వెళ్ళాల్సింది, అయిదుకి వాయిదా పడింది. ఆ సాయంత్రం కౌంటర్‌లో కూర్చున్న మా కుర్రాడు ఒక కుటుంబంతో "రాకెట్ ఆగితే మా తప్పా అండీ?" అంటున్నాడు. నా మాటే, నా గొంతుతోనే. చెవులు మూసుకోవాలనిపించింది.

ఇక లెక్కలు. బీకాం చదువుతున్న మా అమ్మాయి అయిదేళ్ళ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. ఇస్రో శ్రీహరికోట నుంచి కక్ష్య కోసం ప్రయోగించిన రాకెట్లు 2024లో 5, 2025లోనూ 5. అంటే నేను ఎగిరెగిరి పడే "సీజన్" ఏడాదిలో అయిదు రాత్రులు. మొత్తం రాబడిలో దాని వాటా పదో వంతు కూడా లేదని తేల్చింది. "ఈ అయిదు రోజుల కోసం అయిదేళ్ళు గుర్తుండే తిట్లు తింటున్నావు నాన్నా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మరి లాడ్జిని నడిపిస్తున్నది ఎవరు? నెలవారీగా ఉండేవాళ్ళు. మా నాన్న ఈ లాడ్జి పెట్టింది 1993లో, పీఎస్‌ఎల్‌వీ మొదటిసారి ఎగిరి, గురి తప్పిన ఏడాది. అప్పట్లో దిగేవాళ్ళు మా ఊరి చెంగాళమ్మ గుడికి వచ్చేవాళ్ళు, ధాన్యం వ్యాపారులు, షార్‌లో పనిబడి వచ్చిన ఒకరిద్దరు ఆఫీసర్లు. షార్ ఉద్యోగులకి వాళ్ళ కాలనీలు ఉన్నాయి, వాళ్ళ బస్సులు ఉన్నాయి. మాతో పనేముంది? ఇప్పుడు నా 18 గదుల్లో 11 నెలవారీ మనుషులవి. బీహార్, ఒడిశా నుంచి వచ్చిన వెల్డర్లు, క్రేన్ ఆపరేటర్లు, చెన్నై సివిల్ కాంట్రాక్టర్ల సూపర్‌వైజర్లు, శ్రీసిటీ ఫ్యాక్టరీలకి వచ్చిపోయేవాళ్ళు, ఈ మధ్య ప్రైవేటు రాకెట్ కంపెనీల కుర్రాళ్ళు.

ఈ ఆఖరివాళ్ళ గురించి కొంచెం చెప్పాలి. 2020లో కేంద్రం అంతరిక్ష రంగాన్ని ప్రైవేటుకి తెరిచింది. 2022 నవంబరు 18న హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ వాళ్ళ విక్రమ్-ఎస్ ఇక్కడినుంచే ఎగిరింది. దేశంలో ప్రైవేటువాళ్ళు చేసిన మొదటి రాకెట్ అది. 2024 మే 30న చెన్నై కంపెనీ అగ్నికుల్, శ్రీహరికోటలో తాము కట్టుకున్న సొంత ప్యాడ్ నుంచి, త్రీడీ ప్రింటర్‌లో ఒకే ముక్కగా తయారుచేసిన ఇంజిన్‌తో తమ రాకెట్‌ని పంపింది. దానికి ముందు ఎన్నిసార్లు ఆగిందో! ఈ రంగంలో పనిచేసే పిల్లలు మా మెస్‌లో తింటుంటే చూస్తుంటాను. పాతికేళ్ళు కూడా ఉండవు. ప్లేటు పక్కన లాప్‌టాప్, మాటల్లో "హోల్డ్" (కౌంట్‌డౌన్ మధ్యలో ఆపడం), "స్క్రబ్" (ఆ రోజుకి ప్రయోగం మానేయడం). పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి మీటింగ్ అంటూ లేచిపోతారు. పని ఆగిపోయిన రోజు ఎవరూ మాట్లాడరు, సాంబారు రెండోసారి అడగరు. ఆ రోజు మా వంటావిడ వాళ్ళకి ఆమ్లెట్ వేసి బిల్లులో రాయదు. నాకు తెలియదనుకుంటుంది.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. ప్రయోగం రోజుల్లో నెలవారీ వాళ్ళని "రెండు రోజులు సర్దుకోండి" అని ఒక్కో గదిలో నలుగురిని ఇరికించి, ఖాళీ అయిన గదులు టూరిస్టులకి ఇచ్చేవాణ్ణి. ఏడాది పొడవునా అన్నం పెట్టేవాళ్ళని ఒక్క రాత్రి కోసం చాప మీద పడుకోబెట్టాను. ఇకమీదట చేయను. కాబట్టి ప్రయోగం రోజున మీకు దొరికేవి 7 గదులే. అవి నిండితే నిండినట్టే, రికమండేషన్లు పనిచేయవు. గ్యాలరీ పాసులు కూడా మా దగ్గర ఉండవు. ఇస్రో ఆన్‌లైన్‌లో ఇస్తుంది, తెరిచిన కాసేపటికే అయిపోతాయి. "లాడ్జివాళ్ళు ఇప్పిస్తారు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. పాసు దొరకనివాళ్ళకి మా మేడ ఉంది. వెలుగు పైకి లేవడం కనిపించాక నిమిషం పైనే పడుతుంది శబ్దం చేరడానికి. రాత్రి ప్రయోగమైతే ఆ నిమిషంలో మేడ మీద ఒక్కరూ మాట్లాడరు. తర్వాత కిటికీ అద్దాలు గలగలమంటాయి.

మెస్ గురించి. మా బోర్డు మీద "పులికాట్ తాజా చేపల పులుసు" అని ఉంది. ప్రయోగం రోజున అది అబద్ధం. రాకెట్ భాగాలు పడే అవకాశం ఉన్న సముద్రం వైపు పడవలు వెళ్ళకూడదని ముందే హెచ్చరిస్తారు. వేట ఉండదు. అంటే హోటల్ కిటకిటలాడే రోజునే మాకు చేపలు తెచ్చే మనిషి ఇంట్లో కూర్చుంటాడు. నాకు లాభం వచ్చే రోజు అతనికి కూలి పోయే రోజు. ఇన్నాళ్ళూ ఆ రోజున చెన్నై నుంచి ఐసు పెట్టెల్లో తెప్పించి అదే పేరుతో వడ్డించాను. తిన్నవాళ్ళు బాగుందనే అన్నారు, అది వేరే సంగతి. ఇకనుంచి ఆ రోజు కోడి పులుసు, గుడ్డు, పప్పు. చేపలు ఉండవని బోర్డు పెడతాం.

ఊరు మారిందా అని అడుగుతుంటారు. మారింది, కానీ ఒకేలా కాదు. అద్దెలు పెరిగాయి. ఇళ్ళున్నవాళ్ళు బాగున్నారు, లేనివాళ్ళు నాయుడుపేట వైపు వెళ్ళి చూసుకుంటున్నారు. మా ఊరి పిల్లలకి దొరికేవి ఎక్కువగా డ్రైవింగు, క్యాంటీను, సెక్యూరిటీ, హౌస్ కీపింగు. ఐటీఐ చేసినవాళ్ళు కొందరు మెషిన్ల దాకా వెళ్ళారు, అది సంతోషం. శ్రీహరికోట దీవిలో ఒకప్పుడు ఊళ్ళు ఉండేవి, అడవిని, నీళ్ళని నమ్ముకున్న యానాదులు ఉండేవారు. రాకెట్ కేంద్రం వచ్చాక చాలామంది ఇవతలి ఒడ్డుకి వచ్చారు. 1971 అక్టోబరులో అక్కడినుంచి మొదటి చిన్న రోహిణి రాకెట్ ఎగిరింది, అలాంటి చిన్నవి లెక్కేయకుండా 2025 జనవరి 29న వందో ప్రయోగం జరిగింది. వందో రాకెట్ రోజు టీవీవాళ్ళు నన్ను కూడా మాట్లాడమన్నారు. గర్వంగా ఉందన్నాను, నిజంగానే ఉంది. యానాదుల మాట మాత్రం నోటికి రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

లాడ్జి బోర్డు కథ కూడా చెప్పాలి. మా నాన్న అమ్మవారి బొమ్మ వేయించాడు. నేను 2019లో పక్కన రాకెట్ వేయించాను. నెల తర్వాత షార్‌లో పనిచేసే ఒకాయన ఆగి చూసి, "ఇది అమెరికావాళ్ళ స్పేస్ షటిల్ కదయ్యా, రెక్కలున్నాయి" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. పెయింటరు గూగుల్‌లో చూసి వేశాడట. ఇప్పుడు దాన్ని చెరిపి ఇస్రో పెద్ద రాకెట్ ఎల్‌వీఎం3 వేయిస్తున్నాం. అమ్మవారు అక్కడే ఉంటుంది. ఇస్రో ఛైర్మన్లే ప్రయోగానికి ముందు చెంగాళమ్మ దగ్గరికి వచ్చి దణ్ణం పెట్టుకుంటుంటే నేనెవరిని తీయడానికి?

"తమిళనాడులో కులశేఖరపట్నం దగ్గర కొత్త రాకెట్ కేంద్రం వస్తోంది కదా, మీ పని అయిపోయినట్టేనా?" అని కొందరు జాలిగా అడుగుతున్నారు. 2024 ఫిబ్రవరిలో దానికి శంకుస్థాపన అయినప్పుడు నాకూ టెన్షన్ పట్టుకుంది. తర్వాత మా నెలవారీ ఇంజినీరు ఒకాయన టేబుల్ మీద ఉప్పు డబ్బా పెట్టి వివరించాడు. ఇక్కడినుంచి ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాన్ని దక్షిణం వైపు పంపాలంటే దారిలో శ్రీలంక ఉంటుంది, చుట్టు తిరిగి వెళ్ళాలి. పెద్ద రాకెట్ ఆ ఇంధనాన్ని భరిస్తుంది, చిన్నదానికి మోసే బరువు తగ్గిపోతుంది. అందుకే చిన్న రాకెట్లు అక్కడికి. ఉప్పు డబ్బా శ్రీలంక అన్నమాట. పెద్దవి ఇక్కడే ఉంటాయి. 2025 జనవరిలో కేంద్రం ఇక్కడ మూడో లాంచ్ ప్యాడ్‌కి 3,984.86 కోట్లు ఆమోదించింది, నాలుగేళ్ళలో కట్టాలని లక్ష్యం. నా లెక్కలో అది నాలుగేళ్ళ వెల్డర్లు, నాలుగేళ్ళ మెస్ టోకెన్లు. ఆ తర్వాత ఏమిటన్నది అప్పుడు చూద్దాం.

ఒక్క కోరిక. రాకెట్ లేని రోజుల్లో కూడా రండి. నవంబరు నుంచి మార్చి దాకా పులికాట్‌లో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడబాతులు ఉంటాయి. మా తాతలు ఈ సరస్సుని ప్రళయ కావేరి అనేవాళ్ళు. షార్‌కి వెళ్ళే రోడ్డు దాని మధ్యలోంచే పోతుంది. పక్షులకి వాయిదాలు లేవు, పాసులు లేవు. నీళ్ళు సరిగా లేని ఏడాది మాత్రం తక్కువే వస్తాయి, అది ముందే ఫోన్‌లో చెప్పేస్తాను.

చివరగా, పై అంతస్తులో గీజర్లు రెండు నెలలుగా పనిచేయడం లేదు. చాలామంది అడిగారు, "రేపు" అని చెబుతూ వచ్చాను. నిజం ఏమిటంటే మా ప్లంబర్ కాంట్రాక్టు పనికి షార్ లోపలికి వెళ్ళాడు, అక్కడ రోజుకి నేనిచ్చేదానికి రెట్టింపు వస్తోంది. ఆదివారం వస్తానన్నాడు. అప్పటిదాకా వేడినీళ్ళు కావాలంటే కింద చెప్పండి, బకెట్‌తో పంపిస్తాం.