అమ్మను నడిపించిన పాటకు, దాన్ని మా గుమ్మంలోకి తెచ్చిన వారికి

అందరికీ నమస్కారం.

మా అమ్మ వచ్చే ఆదివారం ఒంగోలుకు తిరుగు ప్రయాణమవుతోంది. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ కావాలని టికెట్‌తో పాటే రాయించాను కానీ, చేతికర్ర చాలునని ఆమె నిన్న రాత్రి కూడా నాతో వాదించింది. జనవరిలో ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. ఆమె వెళ్లేలోగా, ఈ నాలుగు నెలలూ మాకు అండగా నిలిచిన వారందరికీ పేరుపేరునా చెప్పలేకపోయినా, మనసారా కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

మేముండేది నార్త్ కరోలినాలో, డర్హం పక్కన. సంక్రాంతి వెళ్లిన వారానికి, మెట్ల మీద పేరుకున్న మంచు కనబడక అమ్మ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. మర్నాడే శస్త్రచికిత్స జరిగింది. ఆసుపత్రి సంగతులు, బీమా కాగితాల సంగతులు ఇక్కడ ఏకరువు పెట్టను. ఎముక అతుక్కోవడం మొదలైనా మనిషి లేవకపోవడమే మమ్మల్ని ఎక్కువగా భయపెట్టింది. వాకర్ పట్టుకుని రెండడుగులు వేయగానే "పడిపోతానే తల్లీ" అని కూర్చుండిపోయేది. రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. తొమ్మిదేళ్ల కిందట పోయిన నాన్నను పిలిచేది. ఊరట కలుగుతుందని ఫోనులో ఆమెకు ఇష్టమైన కీర్తనలు పెడితే, ఇల్లు గుర్తొస్తోంది, ఆపెయ్యమని గోడవైపు తిరిగి పడుకునేది.

అప్పుడు వచ్చారు మా పక్కింటి పెద్దావిడ. డెబ్బై ఆరేళ్ల నల్లజాతి మహిళ. పుట్టి పెరిగింది డర్హంలోనే. పునరావాస కేంద్రానికి మొదటిసారి వచ్చినప్పుడు చేతిలో పూలగుత్తి, భుజాన పాత గిటార్ ఉన్నాయి. అనుమతి అడిగి, తలుపు దగ్గరగా వేసి, మంచం పక్కన కూర్చుని, ఒక్క మాటా లేకుండా చాలా నెమ్మదిగా వాయించారు. అమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగింది. అంతే జరిగింది ఆ రోజు. ఆమె మళ్లీ శుక్రవారం వచ్చారు. ఆ తర్వాత పదకొండు వారాల పాటు మంగళవారం, శుక్రవారం తప్పలేదు.

ఆమె వాయించే పద్ధతిని ఇక్కడి వారు పీడ్‌మాంట్ బ్లూస్ అంటారు. బ్లూస్ అంటే ఇక్కడి నల్లజాతి వారి జానపద సంగీతం; అందులో ఇదొక గిటార్ బాణీ. కుడిచేతి బొటనవేలు మంద్ర (కింది స్థాయి) తీగల మీద ఒకదాని తర్వాత ఒకటిగా, మనిషి నడకలా, ఆగకుండా పడుతూ ఉంటుంది. పై తీగల మీద మిగిలిన వేళ్లు పాటను పలికిస్తాయి. పాట ఎంత దుఃఖంలోకి వెళ్లినా ఆ బొటనవేలు మాత్రం ఆగదు. అమ్మకు ఫిజియోథెరపీ చేయించే అబ్బాయి ఇది గమనించి, నడిపించే సమయంలోనే వాయించమని ఆమెను కోరాడు. మంద్ర తీగ మోగినప్పుడు కుడికాలు, మళ్లీ మోగినప్పుడు ఎడమకాలు. "ఒకటి, రెండు" అని ఇంగ్లీషులో లెక్కపెడితే బెదిరిపోయిన మా అమ్మ, ఆ తీగ చప్పుడుకు నడవా చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చింది. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆ ఆలోచన చేసిన ఆ అబ్బాయికి నా చేతులెత్తి నమస్కారం.

ఆ రోజు సాయంత్రమే పెద్దావిడ మాకు ఎలిజబెత్ కాటెన్ అనే గిటార్ కళాకారిణి గురించి చెప్పారు. 1893లో మా ఇంటికి అరగంట దూరంలో ఉన్న కార్‌బరోలో, రైలు పట్టాల పక్కన పుట్టిన మనిషి ఆమె. ఎడమచేతి వాటం కావడంతో గిటార్‌ను తిరగేసి పట్టుకుని సొంతంగా నేర్చుకున్నారు; అందుకే ఆమె వాయిద్యంలో అంతా తలకిందులు, మంద్ర తీగలు వేలితో, పాట బొటనవేలితో. పదకొండు, పన్నెండేళ్ల వయసులోనే ఇంటి ముందు నుంచి పోయే గూడ్సు రైలు మీద పాట కట్టారు. లోకపు పాటలు మానుకోవాలని చర్చి పెద్దలు చెబితే గిటార్ పక్కన పెట్టేశారు, దశాబ్దాల పాటు. తర్వాత వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తూ, తప్పిపోయిన ఒక చిన్నపిల్లను తల్లి దగ్గరకు చేర్చారు. ఆ పిల్ల సంగీతకారులైన సీగర్ దంపతుల కూతురు పెగ్గీ. ఆ ఇంట్లోనే వంటపనికి కుదిరి, గోడకు వేలాడుతున్న గిటార్‌ను అందుకుని, వేళ్లు మరిచిపోలేదని తెలుసుకున్నారు. మొదటి రికార్డు 1958లో, అరవై ఐదేళ్ల వయసులో వచ్చింది. 1985లో గ్రామీ పురస్కారం అందుకునేనాటికి ఆమెకు తొంభై రెండేళ్లు. నేను ఇదంతా తెలుగులో చెబుతుంటే అమ్మ, "అరవై ఐదంటే నాకన్నా మూడేళ్లే చిన్న" అంది. పడిపోయిన తర్వాత తన వయసును భయంతో కాకుండా తలచుకోవడం అదే మొదటిసారి.

వారిద్దరి మధ్య భాష లేదు. అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆమెకు తెలుగు తెలియదు. కానీ రెండో వారానికే అమ్మ ఆమెను "వదినా" అని పిలవసాగింది, ఆమె పలకసాగారు. వారిని అంతగా కలిపింది పొగాకు అని చెబితే ఆశ్చర్యంగా ఉంటుంది. పెద్దావిడ తల్లి డర్హం పొగాకు ఫ్యాక్టరీలో ఆకు ఈనెలు తీసే పనిచేశారు. నల్లజాతి స్త్రీలకు దక్కిన పని అది. దుమ్ములో, ఉక్కలో, రోజంతా. ఒకామె భక్తిపాట ఎత్తుకుంటే గది మొత్తం వంత పాడేదట, చేతులు ఆ లయకే ఆడేవట. ఇటు మా అమ్మ, పెళ్లికాకముందు కందుకూరు దగ్గర పొగాకు బ్యారన్‌లో, అంటే ఆకును వేడితో పండించే కొట్టంలో, కర్రలకు ఆకు కట్టి, తర్వాత ఆకును రకాలుగా వేరుచేసే గ్రేడింగుకు వెళ్లిన మనిషి. వేడిగాలి గొట్టాలతో ఆకును పసుపుపచ్చగా పండించే ఈ పద్ధతి పుట్టింది ఈ కరోలినా, వర్జీనియా నేలల మీదే. గుంటూరు ప్రాంతానికి వర్జీనియా పొగాకు 1920లలో వచ్చింది. ఇది విన్నాక అమ్మ తన అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ వాసన పెళ్లయిన ఏడాదికి గానీ పోలేదని చెప్పింది. పెద్దావిడ నేను అనువాదం చేసేదాకా ఆగలేదు. తల ఊపుతూ అమ్మ చేయి పట్టుకున్నారు. ఆ తర్వాత అమ్మ తనంతట తానే, గ్రేడింగ్ షెడ్డులో పాడుకునే రామభజన ఒకటి ఎత్తుకుంది. గిటార్ రెండుమూడు చోట్ల తడుముకుని, వంత అందుకుంది.

నన్ను అన్నిటికంటే కదిలించిన రాత్రి మరొకటి. జ్వరం వచ్చి అమ్మ బాగా నీరసపడిన రోజు పెద్దావిడ వాయించలేదు, ఒక పాట నెమ్మదిగా పాడారు. దాన్ని రాసిన థామస్ డోర్సీ 1899లో జార్జియాలో పుట్టి, మొదట బ్లూస్ పియానో వాయించి, తర్వాత గాస్పెల్ అనే చర్చి భక్తిపాటలకు దారి వేసిన మనిషి. 1932లో ఆయన సెయింట్ లూయిస్‌లో పాడుతుండగా, ప్రసవంలో భార్య చనిపోయిందని తంతి అందింది. పుట్టిన బిడ్డ కూడా దక్కలేదు. ఆ దుఃఖంలో రాసిన పాట అది: అలసిపోయాను, చేయి పట్టుకుని నడిపించమని దేవుణ్ని వేడుకోవడమే దానిలోని సారం. ఈ సంగతి అమ్మకు చెప్పాలా వద్దా అని నేను తటపటాయించాను, ఎందుకంటే మా అమ్మకు నాకంటే ముందు ఒక మగబిడ్డ పుట్టి పోయాడు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. చివరికి చెప్పాను. అమ్మ చాలాసేపు మౌనంగా ఉండి, మళ్లీ పాడమంది. రెండోసారి పాడుతున్నప్పుడు కళ్లు మూసుకుని, నలభై ఏడేళ్ల కిందటి ఆ పసివాడికి పెట్టుకోవాలనుకున్న పేరును పలికింది. ఆ పేరు నేను వినడం అదే మొదలు. ఆ రాత్రి ఆమె తెల్లవారేదాకా నిద్రపోయింది.

ఈ పాటలు ఎందుకు అంత ఊరటనిచ్చాయో నేను చాలా ఆలోచించాను. మేమందరం ప్రేమతోనే "ఏం కాదమ్మా, ధైర్యంగా ఉండు" అని చెబుతూ వచ్చాం. ఆ మాట వల్ల ఆమె తన భయాన్ని మాకు చెప్పుకోలేక దాచుకుంది. ఈ పాటలు అలా చెప్పవు. బానిసత్వంలో, పరాయి పొలాల్లో, ఆ తర్వాత ఫ్యాక్టరీ షెడ్లలో బతికిన మనుషులు తమ అలసటను అలసట అనే, చావును చావు అనే పాడుకున్నారు. పాడుతూనే పని సాగించారు. వినేవారి దుఃఖానికి అక్కడ చోటు ఉంటుంది. పశ్చిమాఫ్రికా నుంచి పట్టి తెచ్చినవారు సొరకాయ బుర్రతో చేసుకున్న వాద్యమే నేటి బాంజో అనే తీగవాద్యానికి మూలమని పెద్దావిడ చెప్పినప్పుడు, మాకు అందిన ఈ ఊరట వెనుక ఎంతమంది పేర్లు తెలియని వారున్నారో అనిపించింది. వారికి కూడా నేను రుణపడి ఉన్నాను.

రాత్రి డ్యూటీలో గిటార్ చప్పుడుకు అభ్యంతరం చెప్పకుండా, తలుపు దగ్గర నిలబడి తానూ గొంతు కలిపిన నర్సుకు. పక్క గదుల్లో ఉండి, తలుపు తెరిచి ఉంచమని కబురు పెట్టిన రోగులకు. పదకొండు వారాలు వంతులు వేసుకుని పప్పుచారు, మెత్తటి అన్నం పంపిన మోరిస్‌విల్, కేరీ తెలుగు కుటుంబాలకు. నేను ఉద్యోగానికి వెళ్లిన వేళల్లో అమ్మ పక్కన కూర్చుని భాగవతం చదివి వినిపించిన మామ్మగారికి మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు.

గత శనివారం అమ్మను కార్‌బరో తీసుకెళ్లాం. అక్కడ రైలు పట్టాల వెంబడి సైకిళ్లకు, నడకకు వేసిన బాటకు కాటెన్ పేరే పెట్టారు. పెద్దావిడ ఒకవైపు, నేను మరొకవైపు నడుస్తుంటే, సగం దూరంలో అమ్మ నా చేయి వదిలేసింది. వదిన చేయి మాత్రం వదలలేదు.

పెద్దావిడ వాయించినవన్నీ అమ్మ ఫోనులోకి ఎక్కించాను. ఒంగోలులో సాయంత్రం నడకకు అవే తోడు. ఇది పెద్దావిడకు ఇంగ్లీషులో చదివి వినిపించబోతున్నానని చెబితే, చివర ఒక మాట చేర్చమని అమ్మ కోరింది: "వదినా, గోంగూర పచ్చడి రెండు సీసాలు నీ వంటింటి గట్టు మీద పెట్టాను. నీ కోసం కారం తగ్గించాను. నేను లేనని మంగళవారం గిటార్ తీయడం మానకు."