కళాయి పూసేవారికి చోటు కల్పించాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మా చిన్నతనంలో తెనాలిలో మేము సరుకులు తెచ్చుకునే పచారీ కొట్టులో శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము విడివిడి డబ్బాల్లో ఉండేవి; పిల్లవాడికి పడిశం పట్టిందని చెబితే చాలు, కావలసినవన్నీ కాగితం పొట్లంలో కట్టి ఇచ్చేవారు. అమ్మ వామును దోరగా వేయించి, పలుచని గుడ్డలో మూటకట్టి, వేడిగా ఉండగానే వాసన పీల్చమనేది. రాత్రికి మిరియాల పాలు. అప్పటికీ తగ్గకపోతే అమృతాంజనం. దానిని 1893లో బొంబాయిలో ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు గారే 1908లో ఆంధ్రపత్రికను స్థాపించారు గనుక, పత్రికా ముఖంగా ఆ మందును తలచుకోవడం సముచితమే.

ఆ రోజులు పోయాయన్న బాధ ఒకటైతే, అంతకంటె నన్ను బాధిస్తున్నది మరమ్మతు పనివారు కనుమరుగు కావడం. కళాయి, అంటే గిన్నె లోపల తగరపు పూత, పూసే అతను చెట్టు కింద చిన్న గుంట తవ్వి, బొగ్గులు రాజేసి, తిత్తితో గాలి కొడుతూ ఇత్తడి గిన్నెను కాల్చి, నవాసాగరం అనే లవణపు పొడి చల్లి, తగరం ముక్కను తాకించి దూదితో తుడిచేసరికి, తెల్లని పొగ లేచి గిన్నె లోపలంతా వెండిలా మెరిసేది. ఆ పూత పోయిన గిన్నెలో చింతపండు పులుసు కాస్తే చిలుమెక్కి చెడిపోతుంది. మొన్న మా అమ్మ గిన్నెకు కళాయి వేయించాలని ఊరంతా తిరిగాను, ఒక్కరూ దొరకలేదు. గొడుగులు, కిరోసిన్ స్టవ్వులు బాగుచేసేవారూ అరుదైపోయారు.

పురపాలక సంఘాలు రైతుబజార్ల వద్ద వారానికి ఒక రోజైనా ఈ పనివారికి అద్దె లేకుండా చోటు కేటాయించాలని, మిగిలి ఉన్నవారు ఎక్కడ దొరుకుతారో మీ జిల్లా పేజీలో తెలియజేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తెనాలి