ఇలకోడిని చూసి పురుగుల మందు కొట్టకండి

సంపాదకులు గారికి,

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. వానలు పడి చేలల్లో నీళ్లు నిలిచాయంటే ఇలకోళ్లు (కీచురాళ్లు) ఇళ్లలోకి వచ్చేస్తాయి, ఇక పిల్లల కేకలు, పెద్దవాళ్లకు టెన్షన్, వెంటనే మంచం పక్కనే పురుగుల మందు స్ప్రే కొట్టేయడం! మొన్న మా పక్కింట్లో పసిబిడ్డ ఉయ్యాల కిందే కొట్టారు, చాలా బాధేసింది. ఇలకోడికి విషం లేదు, కుట్టదు. ఆ కీచుమనే చప్పుడు కూడా మగది ఆడదాన్ని పిలవడానికి రెక్కలు ఒకదానితో ఒకటి రుద్దుతుంటే వచ్చేదే (గుహల్లో ఉండే రకానికైతే రెక్కలే ఉండవు, అరవదు, బెదిరితే గెంతుతుంది). గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క తోసి పెరట్లో వదిలేయండి. చెమ్మ మూలల్లో పాత గోనె సంచులు, కొబ్బరి డొక్కలు ఉంచకండి, రాత్రి గుమ్మం లైటు ఆపేయండి.

ఒక పాఠకురాలు, కోనసీమ