మిల్లు మోటార్ల అదురును రికార్డు చేయించండి: పరిశ్రమల మంత్రికి బహిరంగ లేఖ

తెలంగాణ ఐటీ, పరిశ్రమల శాఖ మంత్రి శ్రీ దుద్దిళ్ల శ్రీధర్‌బాబు గారికి నమస్కారాలు.

పెద్దపల్లి, సుల్తానాబాద్ రైస్ మిల్లుల సంగతి మంథని ఎమ్మెల్యేగా మీకు ఒకరు చెప్పక్కర్లేదు. సీజన్‌లో అవి రాత్రింబవళ్లు ఆడతాయి. ధాన్యం లారీలు గేటు బయట బారులు తీరినప్పుడే ధాన్యాన్ని పైకెత్తే ఎలివేటర్ పైనున్న బేరింగు (ఇరుసు తిరిగేందుకు ఆనుకునే గుండ్ల చట్రం) పట్టేస్తుంది. అర్ధరాత్రయినా సరే, ఒక మనిషి టార్చిలైటు పట్టుకుని అంత ఎత్తుకు ఎక్కాలి. మిల్లు యంత్రాల మరమ్మతులు చూసేవాడిగా ఈ లేఖ ముందు ఆ మనిషి కోసం రాస్తున్నాను. మిల్లు నష్టం సంగతి ఆ తర్వాత.

అరిగి పోయే బేరింగు చెప్పకుండా పోదు. లోపలి దారిలో చిన్న గుంట పడితే, గుండు దాని మీదుగా దొర్లిన ప్రతిసారీ ఒక దెబ్బ. ముందు అదురు, తర్వాత చెవికి వినిపించే మోత, ఆఖరున వేడి. అనుభవమున్న మెకానిక్ స్క్రూడ్రైవర్ కొనను బేరింగు గూడుకు (హౌసింగు), పిడిని చెవికి ఆనించి పట్టేస్తాడు. కానీ ఎలివేటర్ తల దగ్గర రోజూ చెవి పెట్టేదెవరు?

ఆ పని ఇప్పుడు అగ్గిపెట్టెంత బోర్డు చేయగలదు. అదురును కొలిచే సెన్సార్, 256 కిలోబైట్ల మెమరీ ఉన్న మైక్రోకంట్రోలర్ అనే బుల్లి కంప్యూటర్ చిప్పు, అందులో పదుల కిలోబైట్లకు కుదించిన మెషీన్ లెర్నింగ్ మోడల్, అంటే పాత రికార్డులు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్. ఇంటర్నెట్ అక్కర్లేదు, డేటా మిల్లు గేటు దాటదు. తేడా కనబడితే ఎర్రలైటు వెలుగుతుంది. ఫలానా తేదీన పాడవుతుందని అది చెప్పలేదు. ఒక ఫేజు పోయి మోటారు కాలిపోవడాన్నీ ముందే పసిగట్టలేదు.

చిక్కంతా మోడల్‌కు నేర్పే డేటాతోనే. ఏ తేడా మామూలుదో, ఏది ప్రమాదమో తెలియాలంటే పాడైన బేరింగుల రికార్డులు కావాలి. పరిశోధకులు ఎక్కువగా వాడేది అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ డేటా. ప్రయోగశాలలో రెండు హార్స్‌పవర్ మోటారు, బేరింగులకు కావాలని చేసిన గాట్లు, నిమిషానికి సుమారు 1,730 నుంచి 1,797 చుట్లు. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నాలుగు పోళ్ల మోటారు 1,440 దగ్గర తిరుగుతుంది. పైగా ఊక దుమ్ము, వోల్టేజి హెచ్చుతగ్గులు, పక్క యంత్రం అదురు. ధాన్యం పడుతుంటే ఒక తీరు, ఖాళీగా ఆడుతుంటే ఇంకో తీరు. అక్కడ నేర్చిన మోడల్ ఇక్కడ ఉత్తపుణ్యానికి ఎర్రలైటు వెలిగిస్తుంది. నాలుగుసార్లు అలా జరిగితే ఆపరేటర్ వైరు పీకేస్తాడు, అందులో అతని తప్పేమీ లేదు.

మీ ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లు(ఏటీసీలు)గా మార్చే పని చేపట్టింది. ఆ విద్యార్థులతో, ఒప్పుకున్న మిల్లుల్లో ఒక సీజన్ పొడవునా పొట్టు తీసే షెల్లర్, బియ్యానికి మెరుగు పెట్టే పాలిషర్, గాలి కొట్టే బ్లోయర్, ఎలివేటర్ల అదురును రికార్డు చేయించండి. ప్రతి రికార్డు పక్కన ఏ బేరింగు మార్చారో, గ్రీజు ఎప్పుడు పెట్టారో, ఏం విరిగిందో మెకానిక్ మాటల్లోనే రాయించండి. ఆ రాత లేని రికార్డు ఎందుకూ పనికిరాదు కాబట్టి మెకానిక్‌లకు దానికి వేరే కూలి కట్టివ్వండి. మిల్లుల పేర్లు తీసేసి ఆ డేటాను అందరికీ ఉచితంగా ఇవ్వండి. ఏ యజమానీ ఒక్కడే ఈ ఖర్చు పెట్టుకోడు. కంపెనీలు సేకరిస్తే తాళం వేసుకుంటాయి. టెండరు పిలిచి, తెర మీద అంకెలు చూపించే డ్యాష్‌బోర్డులు మాత్రం కొనవద్దని వేడుకుంటున్నాను.

యాసంగి ధాన్యం మిల్లులకు చేరేలోపు సుల్తానాబాద్‌లోనైనా మొదలుపెట్టించండి.

ఇట్లు,
పెద్దపల్లి జిల్లా మిల్లుల్లో పనిచేసే ఒక మరమ్మతుల ఇంజినీరు